మ్యూనిక్‌లో చూడని ఇంటికి డిపాజిట్ ముందే పంపమంటున్నారు, పంపవచ్చునా?

ఖమ్మం_రమ్య (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదవడానికి నాకు ప్రవేశం లభించింది, వీసా కూడా చేతికి అందింది. తరగతులు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి కాబట్టి సెప్టెంబరు 24న శంషాబాద్ నుంచి బయలుదేరేలా టికెట్ తీసుకున్నాను. ఉండటానికి చోటు మాత్రం ఇంతవరకు కుదరలేదు. విద్యార్థుల వసతి గృహాలు నడిపే స్టుడీరెండెన్‌వెర్క్‌కు దరఖాస్తు పెట్టుకుని వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. అద్దె గదుల సైట్లలో దాదాపు అరవై మందికి సందేశాలు పంపితే నలుగురు జవాబిచ్చారు, అందులో ముగ్గురు స్వయంగా వచ్చి చూసుకుంటే తప్ప మాట్లాడేది లేదన్నారు.

నాలుగో ఆయన సంగతే ఇక్కడ అడగదలిచాను. మ్యూనిక్‌లోని ష్వాబింగ్ అనే పేటలో 42 చదరపు మీటర్ల ఫ్లాటు, పూర్తి ఫర్నిచరుతో, హీటింగు ఖర్చు కూడా కలిపి నెలకు 620 యూరోలని ప్రకటనలో ఉంది. యజమాని ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్నాడట, ఇల్లు చూపించడానికి రాలేడట. ఒక నెల అద్దె, రెండు నెలల డిపాజిట్ కలిపి 1,860 యూరోలు పంపితే ఒప్పందపత్రంతో పాటు తాళం చెవులు కొరియరులో ఖమ్మానికే పంపిస్తానని, వెళ్లాక ఇల్లు నచ్చకపోతే పైసాతో సహా తిరిగి ఇచ్చేస్తానని రాశాడు. మాట చాలా మర్యాదగా ఉంది. నా పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటరు కాపీలు అడిగితే పాస్‌పోర్టు కాపీ నిన్ననే పంపాను. ఆయన ఇచ్చిన బ్యాంకు ఖాతా నంబరు ఈఎస్ అనే అక్షరాలతో మొదలవుతోంది.

మా నాన్నగారు "పరాయి దేశంలో ఆడపిల్ల వీధిన పడకూడదు, పోతే రెండు లక్షలు పోయాయి, ముందు పంపేద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఇది కూడా చేజారితే ఏమిటన్న భయమూ వదలడం లేదు. ఇంటి ఫొటోలు కింద జతచేశాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గార్చింగ్_వాసి

రమ్య గారూ, దయచేసి ఒక్క యూరో కూడా పంపకండి. ఊరికే అనుమానపడి ఈ మాట అనడం లేదు, మీరు పెట్టిన ఫొటోలు చూసే అంటున్నాను. మూడో ఫొటోలో వంటగట్టు మీద కెటిల్ పక్కన గోడకున్న ప్లగ్గు సాకెట్టును ఒకసారి పెద్దది చేసి చూడండి. పలకల్లాంటి మూడు రంధ్రాలు, వాటి పక్కనే చిన్న స్విచ్చు కనిపిస్తాయి. అది బ్రిటన్‌లో వాడే సాకెట్టు. జర్మనీలో సాకెట్టు గుండ్రని గుంటలా లోపలికి ఉంటుంది, అందులో రెండు గుండ్రని రంధ్రాలుంటాయి, పక్కన స్విచ్చు ఉండదు. ఆ వంటగది నిజంగానే లండన్‌లో ఉండి ఉండవచ్చు, ష్వాబింగ్‌లో మాత్రం లేదు. మిగతా ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి, వేరే ఊరి ప్రకటనల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇక ధర సంగతి. ఇక్కడ అద్దెను రెండు విధాలుగా చెబుతారు. గోడలకు, కప్పుకు మాత్రమే అయ్యేది కాల్ట్‌మీటె, అంటే చల్లని అద్దె. హీటింగు, నీళ్లు, చెత్త వంటి ఖర్చులు కలిపితే అయ్యేది వార్మ్‌మీటె, అంటే వెచ్చని అద్దె. ష్వాబింగ్‌లో 42 చదరపు మీటర్ల ఫర్నిచరు ఫ్లాటుకు వెచ్చని అద్దె వెయ్యి యూరోలు దాటడం మామూలే. మీకు చెప్పిన 620కి ఆ పేటలో నలుగురు పంచుకునే ఫ్లాటులో ఒక గది దొరికినా అదృష్టమే అనుకోవాలి.

ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఈలోగా మూడిళ్లు మారాను. నన్ను ఏమీ అడగకుండా "మీకే ఇస్తాను" అన్న యజమాని ఒక్కడూ తగల్లేదు. మొదటి ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు నా ముందు మెట్ల మీద ఇరవై మంది నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో జీతం చీటీలు, షూఫా అనే రుణ చరిత్ర పత్రం, ఇంతకుముందు ఉన్న ఇంటివారి లేఖ, అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఉన్నారు. ఈ ఊళ్లో ఇల్లున్నవాడికి అద్దెకు వచ్చేవారి కొరత లేదు, కాబట్టి అనుమానపడే హక్కు అతనిదే. మీ ఆదాయం ఎంతో, ఎన్నాళ్లు ఉంటారో ఏమీ అడగకుండా డబ్బు ఎప్పుడు పంపుతారని మాత్రమే అడుగుతున్న మనిషి ఇల్లున్నవాడిలా ప్రవర్తించడం లేదు.

డిపాజిట్ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు, దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవారికి ఉంది, మొదటి వాయిదా కూడా అద్దె కాలం మొదలైనప్పుడే కట్టవలసి వస్తుంది. నిజాయితీ గల యజమానులు కూడా తాళాలిచ్చే రోజున మొత్తం ఒకేసారి అడుగుతుంటారు, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ రోజు మీరు ఆ ఇంట్లో నిలబడి ఉంటారు. అలాగే, మధ్యలో ఏజెంటునంటూ ఎవరైనా వచ్చి కమిషనో, ఇల్లు చూపించే ఫీజో అడిగితే ఇవ్వవద్దు. 2015 జూన్ నుంచి ఏజెంటును ఎవరు పెట్టుకుంటే వారే అతనికి డబ్బివ్వాలన్నది ఇక్కడి చట్టం.

ఖాతా నంబరు మొదట ఉండే రెండక్షరాలు దేశాన్ని చెబుతాయి. జర్మనీ అయితే డీఈ, ఈఎస్ అంటే స్పెయిన్. ఇల్లు మ్యూనిక్‌లో, మనిషి లండన్‌లో, డబ్బు స్పెయిన్‌కు! అలాగని డీఈ ఉంటే క్షేమమని అనుకోకండి, ఆ సంగతి కింద మరెవరైనా చెబుతారు.

అనంతపురం_కుర్రాడు

ఆ సంగతి నేనే చెబుతాను, ఎందుకంటే నా డబ్బు పోయింది డీఈ ఖాతాలోనే. అంతేకాదు, ఇల్లు కళ్లారా చూశాకే పోయింది. "స్వయంగా చూస్తే చాలు" అన్న ధైర్యంతో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

2023 సెప్టెంబరు చివర్లో వచ్చి హాస్టల్లో దిగాను. మన విద్యార్థుల టెలిగ్రామ్ గ్రూపులో ఒకతను, తాను ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కోసం వేరే ఊరు వెళుతున్నానని, ఫ్లాటును అంతవరకు ఎవరికైనా ఇవ్వదలిచానని తెలుగులోనే రాశాడు. ఫోన్ చేస్తే "మనోళ్లు కష్టపడకూడదన్నా, అందుకే బయట పెట్టలేదు" అన్నాడు. మరునాడు వెళితే ఇల్లంతా చూపించి టీ కూడా పెట్టి ఇచ్చాడు. వెయ్యి యూరోలు అతను చెప్పిన జర్మన్ ఖాతాకు అక్కడే, ఆ సోఫాలో కూర్చునే పంపాను. ఒకటో తారీఖున సూట్‌కేసుతో వెళ్లేసరికి అదే తలుపు ముందు మరో ముగ్గురు సూట్‌కేసులతో నిలబడి ఉన్నారు, ఇద్దరు మనవాళ్లే. బెల్లు కొడితే సెలవులకు వచ్చిన ఒక కుటుంబం తలుపు తీసింది. పర్యాటకులకు రోజువారీగా ఇచ్చే ఆ ఫ్లాటును అతను వారం రోజులకు తీసుకుని, ఆ వారంలో మా అందరికీ చూపించాడు. ఖాతా ఎవరిదో తీరా చూస్తే, మాలాగే ఎక్కడో తన గుర్తింపు కాగితాలు పోగొట్టుకున్న మరో మనిషి పేరు మీద ఉంది.

ఆ రోజు నేను గమనించి కూడా పట్టించుకోని విషయం ఒకటుంది. కింద బెల్లుల పలక మీద అందరి పేర్లూ అచ్చువేసిన పట్టీల్లో ఉంటే, ఆ ఫ్లాటుకు మాత్రం టేపుతో అతికించిన కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో అతని పేరు రాసి ఉంది. జర్మనీలో ఫ్లాటుకు నంబరు ఉండకపోవడమే ఎక్కువ, ఉత్తరాలన్నీ బెల్లు మీద, పోస్టు డబ్బా మీద ఉన్న పేరును బట్టే వస్తాయి. ఏళ్ల తరబడి ఉంటున్నవాడి పేరు టేపుతో అతికించి ఉండదు. ఎదురింటి బెల్లు కొట్టి "ఇక్కడ ఉండేది ఈయనేనా" అని అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది, మొహమాటపడ్డాను.

అద్దెకున్నవాడు మరొకరికి అద్దెకిస్తుంటే అసలు యజమాని అనుమతి కావాలి, ఆ అనుమతి కాగితం చూపమని అడగండి. వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అనే కాగితం ఇస్తారా అని కూడా మొదటి ఉత్తరంలోనే అడగండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, ఆ నమోదునే ఆన్‌మెల్డుంగ్ అంటారు, ఇంటిని ఇచ్చినవారు సంతకం చేసిన ఆ కాగితం లేనిదే అది జరగదు. "నమోదు కుదరదు, కానీ అద్దె తక్కువ" అనే గదులు ఎన్నో కనిపిస్తాయి. అవన్నీ మోసాలు కాకపోవచ్చు గానీ, నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ రెసిడెన్స్ పర్మిట్‌కూ ఇబ్బందే. నమోదు కోసం చిరునామా మాత్రం అమ్ముతామనేవారి జోలికి అసలే వెళ్లకండి. మనిషి ఉండని చోట ఉన్నట్టు నమోదు చేయించడం చట్టరీత్యా జరిమానా పడే పని, అలా చిరునామా ఇచ్చేవారికి ఆ జరిమానా 50,000 యూరోల దాకా ఉండవచ్చు.

డ్రెస్డెన్_శ్రీలత

పైవారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఇండియా నుంచి గది మాట్లాడుకోవడమే తప్పన్నట్టు చెప్పడం సరికాదని నా అభిప్రాయం. నేను 2022లో హైదరాబాదులో ఉండగానే గది ఖాయం చేసుకున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. అయితే అది ముగ్గురు పంచుకునే ఫ్లాటు, ఇక్కడ దాన్ని వేగే అంటారు. అక్కడ మనకు గది ఇచ్చేది కనిపించని యజమాని కాదు, రేపు మనతో ఒకే వంటగదిలో వండుకునే మనుషులు.

వీడియో కాల్‌లో వారిని ఫోన్ పట్టుకుని కిందికి దిగమన్నాను. వీధి పేరున్న బోర్డు, బెల్లుల పలక, పోస్టు డబ్బా చూపించి, కాల్ కట్ కాకుండానే మెట్లెక్కి ఇంట్లోకి వచ్చారు. ముందే తీసిపెట్టుకున్న వీడియోతో ఈ పని చేయలేరు. వారిలో ఒకమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. యూనివర్సిటీ వెబ్‌సైటులో ఉన్న ఆమె అధికారిక మెయిలుకు "మీరు నాకు గది చూపించారా" అని విడిగా రాశాను, జవాబు అదే మెయిలు నుంచి వచ్చింది. ఆమె నవ్వుకుని ఉంటుంది, నేనేమీ సిగ్గుపడలేదు. డిపాజిట్ నేను దిగిన రోజు సాయంత్రమే ఇచ్చాను, అంతకుముందు వారు ఏమీ అడగలేదు.

వసతి గృహంలో తమ గదిని కొన్ని నెలలకు ఇస్తామని మన గ్రూపుల్లో వచ్చే ప్రకటనలు కూడా ఇలాగే పరీక్షించాలి. అలా ఇవ్వడానికి వసతి గృహం కార్యాలయం ఒప్పుకోవాలి. ఆ కార్యాలయానికి మీరే ఒక మెయిలు రాసి, ఈ గదికి అనుమతి ఇచ్చారా అని అడగండి. ఆ చిరునామా గదిచ్చేవాడు పంపింది కాక, వారి వెబ్‌సైటులో ఉన్నదై ఉండాలి.

హనుమకొండ_నాన్న

అమ్మా రమ్యా, నీకన్నా మీ నాన్నగారికే రాస్తున్నాననుకో, ఎందుకంటే పోయిన ఏడాది మా అబ్బాయి విషయంలో నేను సరిగ్గా ఆ మాటే అన్నాను. పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడో తెలియకపోతే తండ్రికి నిద్ర పట్టదు, ఆ నిద్ర కోసం రెండు లక్షలైనా ఇస్తాం. అవతలివాడు అమ్ముతున్నదీ ఆ నిద్రనే.

మా దగ్గర అడిగింది యూరోలు కూడా కాదు. "అక్కడి ఖాతాకు పంపితే బ్యాంకు చార్జీలు పడతాయి బాబాయ్, కూకట్‌పల్లిలో మా బావ ఉన్నాడు, ఆయనకు యూపీఐ చేయండి చాలు" అన్నాడు. రూపాయల్లోనే కదా అని అరవై వేలు కొట్టాను. సాయంత్రానికి ఆ నంబరు స్విచాఫ్. మా పక్కింటి కుర్రవాడు చెబితే వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను, అది మన దేశంలో సైబర్ మోసాలకు పెట్టిన హెల్ప్‌లైను. త్వరగా చేయడం వల్ల ఇరవై రెండు వేలు ఆ ఖాతాలోనే ఆగిపోయాయి, మిగతావి అప్పటికే చేతులు మారాయి. కాబట్టి ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే పరువు పోతుందని తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఫోన్ చేయండి, బ్యాంకుకు కూడా చెప్పండి.

గార్చింగ్ బాబూ, ఒక సందేహం. మన దగ్గర స్థలం ఎవరిదో ఈసీ తీస్తే తెలుస్తుంది. అక్కడ అలాంటిదేమీ లేదా?

గార్చింగ్_వాసి

బాబాయ్ గారూ, ఇక్కడ గ్రుండ్‌బుఖ్ అనే భూమి రిజిస్టరు ఉంది, కానీ మన ఈసీ లాగా ఎవరంటే వారు తీసుకోలేరు. చట్టం గుర్తించే తగిన కారణం చూపాలి. అందుకే యజమాని పేరును కాగితంలో కాక మనుషులను అడిగి తెలుసుకోవలసి వస్తుంది. పెద్ద భవనాలైతే మెట్ల దగ్గర గోడకు నిర్వహణ సంస్థ ఫోన్ నంబరు ఉన్న పలక తరచుగా ఉంటుంది, అక్కడికి ఫోన్ చేయడం మంచి మార్గం.

మరొకటి. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు డబ్బు పంపే ముందు ఖాతా నంబరుకూ మనం రాసిన పేరుకూ పొంతన ఉందో లేదో చూసి చెప్పాలి. పేరు కలవలేదని తెర మీద కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఇండియాలోని బ్యాంకు నుంచి పంపేటప్పుడు ఈ రక్షణ ఉందనుకోవద్దు, ఇక్కడికి వచ్చి ఇక్కడి ఖాతా తెరిచాక కట్టమనడానికి ఇదీ ఒక కారణం.

ఖమ్మం_రమ్య

అందరికీ ధన్యవాదాలు. శ్రీలత గారు చెప్పినట్టు వీడియో కాల్‌లో వీధి బోర్డు చూపించమని అడిగాను. తాను లండన్‌లో ఉన్నందున కుదరదని, పొరుగువారిని ఇబ్బంది పెట్టలేనని చెప్పి, నమ్మకం కోసమంటూ ఒక పాస్‌పోర్టు కాపీ పంపాడు. ఇల్లు తన భార్య పేరు మీద ఉందట, ఆమె ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగిందట. పాస్‌పోర్టు మాత్రం భారతీయులది, జారీ చేసిన చోటు విశాఖపట్నం అని ఉంది. ఫొటోలో ఉన్నది నా ఈడు అమ్మాయి.

నాన్నగారికి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత డబ్బు మాట ఎత్తలేదు. నా భయం ఇప్పుడు వేరే: నేను పంపిన నా పాస్‌పోర్టు కాపీ ఏమవుతుంది?

గార్చింగ్_వాసి

మీరు ఊహించినదే. ఆ విశాఖ అమ్మాయి కూడా మీలాగే ఎప్పుడో ఒక ఇంటి కోసం పంపి ఉంటుంది. మీ కాపీ రేపు మరొకరికి "ఇంటి యజమానురాలి" పాస్‌పోర్టుగా వెళ్లవచ్చు, అందుకే మౌనంగా ఊరుకోవద్దు. అతని మెయిళ్లు, ప్రకటన, ఖాతా నంబరు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, డబ్బు పోకపోయినా సరే, మన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ రసీదు దాచుకోండి. ప్రకటన వచ్చిన సైటుకు కూడా తెలియజేయండి. ఇక్కడికి వచ్చాక మీరు తెరవని ఖాతా గురించి ఏ బ్యాంకు నుంచైనా ఉత్తరం వస్తే, ఆ రసీదు మీకు ఆధారం. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్ర పోలీసులకు ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

అతను మళ్లీ రాసి, గుర్తింపు నిర్ధారణ కోసమని ఏదైనా లింకు పంపి వీడియోలో పాస్‌పోర్టు పట్టుకుని చూపమంటే ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. జర్మనీలో బ్యాంకు ఖాతా తెరవడానికి సరిగ్గా ఆ పద్ధతే వాడతారు. మీరు ఇంటి కోసమనుకుని చేసిన పని మీ పేరు మీద అతని చేతిలో ఖాతా అవుతుంది, అనంతపురం తమ్ముడి డబ్బు వెళ్లింది అలాంటి ఖాతాకే. ఇకముందు నిజమైన ఇంటివారికైనా కాపీ ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు నంబరును, అడుగున ఉండే రెండు వరుసల అక్షరాలను కప్పేసి, ఫలానా ఇల్లు చూడటానికి మాత్రమే అని తేదీతో అడ్డంగా రాసి ఇవ్వండి.

టికెట్ గురించి మొదటే చెప్పవలసింది. 2026లో అక్టోబర్‌ఫెస్ట్ అనే ఇక్కడి పెద్ద బీరు పండుగ సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు జరుగుతుంది, మీరు దిగేది దాని మధ్యలో. ఆ రోజుల్లో మ్యూనిక్‌లో హాస్టల్ మంచం ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. వీలైతే ప్రయాణం సెప్టెంబరు మొదటి వారానికి జరుపుకోండి, లేకపోతే మొదటి మూడు నాలుగు వారాలకు దగ్గరి ఊళ్లైన ఆగ్స్‌బర్గ్‌లోనో ఫ్రైజింగ్‌లోనో, సమీక్షలున్న చోట, సైటులోనే డబ్బు కట్టి గది తీసుకోండి. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, దానితో లోకల్ రైళ్లలో రోజూ వచ్చి ఇళ్లు చూసుకోవచ్చు. ఆ నెల ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది, కానీ ఆ 1,860తో పోల్చి చూడండి. స్టుడీరెండెన్‌వెర్క్ జాబితాలోంచి మాత్రం పేరు తీయించకండి, సెమిస్టర్ల తరబడి ఆగవలసి వచ్చినా అక్కడి అద్దె బయట దొరకదు.

చివరిగా, స్వయంగా వచ్చి చూస్తే తప్ప మాట్లాడేది లేదన్న ఆ ముగ్గురి సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు వారి మీదే ఆశ ఉంది. మీ తరఫున ఒక స్నేహితుడు వచ్చి చూడవచ్చునా అని ముగ్గురికీ రాయండి, బెల్లు మీద ఏ పేరు ఉంటుందో కూడా అడగండి. శనివారాలు నాకు ఖాళీయే, నేను వెళ్లి అక్కడి నుంచే మీకు వీడియో కాల్ చేస్తాను. డబ్బు మాత్రం నా చేతికి ఇవ్వకండి, నేను అడిగినా సరే.